ఆదివారాలు లెక్కలోకి రావు

దీవెనను మొదటిసారి చూసినప్పుడు నేను చేసిన ఘనకార్యం, ఆమె చేతికి టిష్యూ పేపర్ ఇవ్వడం.

"మేడం, నొసటికి మసి అంటింది. తుడుచుకోండ్రి," అన్నాను.

ఆమె టిష్యూ తీసుకుంది. నా వంక ఒకసారి చూసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నీళ్ల గ్లాసు కింద ఉంచింది.

"అంటలేదండీ. పెట్టించుకున్నాను," అంది.

మసి పెట్టించుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆమె నొసటి వైపే చూస్తూ నిలబడితే జాషువా నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. జాషువా మా మెస్‌లో వడ్డిస్తాడు. నాకంటే ఆరేళ్లు పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఊళ్లో ఎవరు కొత్తగా దిగినా మధ్యాహ్నానికల్లా వాళ్ల వివరాలన్నీ పట్టేస్తాడు.

"దవాఖానకు కొత్తగ వచ్చిన ల్యాబ్ మేడం. పేరు దీవెన. ఎర్రుపాలెం దిక్కు. మా లెక్కనే క్రిస్టియన్లు," అని చెవిలో ఊదాడు.

"మరి నొసట్ల గా బూడిదేంది?"

"ఏమోరా కోటేషూ. మా మందిరంల గట్ల పెట్టరు. వాళ్లది వేరే గుడి గావచ్చు."

బూర్గంపాడు మెయిన్ రోడ్డు మీద మాది మంగ్లి మెస్. పేరు మా నాయనమ్మది, చెయ్యి మా నాన్న హాతీరాంది. మా చికెన్ ఫ్రై కోసం భద్రాచలం నుంచి వంతెన దాటి వచ్చేవాళ్లున్నారు. ఆదివారం నాటుకోడి ఉంటే పన్నెండున్నర తర్వాత కుర్చీ దొరకదు. కూర గిన్నెలో గరిటె పెడితే ముందు నూనె తగలాలి, తర్వాతే ముక్క తగలాలి అనేది మా నాన్న సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదే నేను డిగ్రీ దాకా చదువుకున్నాను.

అలాంటి మెస్‌లో ఆమె అడిగిన ప్రశ్న చూడండి.

"మాంసం కానిది ఏముందండీ?"

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. పప్పు ఉంది, చారు ఉంది, ఆలుగడ్డ వేపుడు ఉంది అని చెప్పాను.

"వేపుడు ఏ నూనెలో చేశారు?"

"చికెన్ వేయించిన నూనెలనే మేడం. రుచి అందుకే వస్తది," అన్నాను గర్వంగా.

ఆమె వేపుడు గిన్నెను మెల్లగా పక్కకు జరిపింది. పప్పూ అన్నం చాలంది. ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేను.

కళ్లు మూసుకుంది. నొసట, గుండె మీద, రెండు భుజాల మీద వేళ్లు ఆనించుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి ఆ పప్పన్నం వైపు చూసింది, ఎవరో దూరం నుంచి తెచ్చి ఇచ్చిన వస్తువును చూసినట్టు. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం తప్ప ఇంకే పనీ చేయలేదు. ఫోన్ తీయలేదు. టీవీ వైపు తిరగలేదు. అరగంట పట్టింది ఆ ప్లేటు అవడానికి. లేచేటప్పటికి ఒక్క మెతుకు లేదు.

రోజుకు నూట యాభై ప్లేట్లు పెట్టేవాణ్ణి నేను. తినే మనిషి మొహం వైపు చూసింది మాత్రం ఆ రోజే. అన్నానికి అంత మర్యాద దక్కడం చూసి గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మసి సంగతి పక్కకు పెట్టు," అన్నాడు జాషువా, నా మొహం చూసి. "నీకేమైంది?"

"ఏం గాలే."

"అవ్. కనబడుతున్నది."

మర్నాడు గురువారం. ఆమె మళ్లీ వస్తుందో రాదో తెలియకుండానే పొద్దున్నే నేను పాలకూర కొన్నాను. కొత్త నూనె పోసి, గరం మసాలా దట్టించి, మా నాన్న చికెన్‌కు ఏమేం వేస్తాడో అన్నీ వేసి వండాను. ఆమె వచ్చింది. తింది. మళ్లీ మెతుకు వదల్లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది.

"కోటేష్ గారూ, ఇది మీరు రుచి చూశారా?"

"చూసిన మేడం. మస్తున్నది."

"మసాలా తెలుస్తోంది. ఆకు తెలియడం లేదు," అంది. కోపంగా కాదు, రిపోర్టు చదివినట్టు చెప్పింది. "ఆకు ఏ రుచిలో ఉంటుందో మీకు తెలుసా?"

నాకు తెలియదు. ఇరవై ఏడేళ్లవాణ్ణి, పన్నెండేళ్లుగా తిండి అమ్మే ఇంట్లో ఉన్నవాణ్ణి, నిజంగా తెలియదు.

జాషువా మాత్రం తేల్చేశాడు. "రోజూ జనం రక్తాలు చూస్తది గద. గందుకే మాంసం ఇడిసిపెట్టింది. పక్కా శాకాహారం."

నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను? జాషువా కూడా క్రిస్టియనే, వాడికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

శుక్రవారం తెల్లారగానే బండి తీసి తండాకు పోయాను. మా నాయనమ్మ మంగ్లి అక్కడే ఉంటుంది. డెబ్బై ఆరేళ్లు. ఆమె పేరుతో మెస్ పెట్టి పన్నెండేళ్లయింది, ఒక్కసారి కూడా అందులో తినలేదు. తండాలో అందరూ ఆమెను యాడి అంటారు, అంటే అమ్మ. నేనూ అదే అంటాను.

"యాడీ, ఆకు రుచి ఎట్లుంటది?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరడిగిండ్రు?"

"ఎవరో ఒకరు."

"ఆడపిల్లేనా?"

నేను బండి అద్దం తుడుచుకున్నాను. ఆమె నవ్వి, కొంగు నడుముకు చుట్టి, కాలువ వైపు నడిచింది. నేను వెనకాల నడిచాను. నాలుగు అడుగులు వేశానో లేదో, "ఆగు, తొక్కుతున్నవ్," అంది.

కిందికి చూశాను. గడ్డి.

"గడ్డి గాదు, పొన్నగంటి. గదో, నీ ఎడమ కాలు కింద గంగవాయిలి. గా గట్టు మీద మునగ. గా చింతచెట్టు నెల రోజులల్ల చిగురు పెడతది."

ఆమె కూర్చుని తెంపుతూ ముందుకు జరుగుతోంది. నేను ఆడుకున్న గట్టు అది. చిన్నప్పటి నుంచి తొక్కుతూ తిరిగిన చోటు. పావుగంటలో ఆమె ఒడి నిండింది. విత్తనం వేసినవాళ్లు లేరు, నీళ్లు పెట్టినవాళ్లు లేరు, అడుగడుగునా తిండి ఉంది. ఇన్నేళ్లు నేను అన్నం మీదే నడిచానా అనిపించి కాసేపు కాలు కదపలేకపోయాను.

నాయనమ్మ పెసరపప్పు వేసి పొన్నగంటి వండింది. ఎల్లిగడ్డ, ఎండు మిర్చి, చెంచాడు నూనె. నేను తిన్నాను. చప్పగా ఉంది.

"యాడీ, రుచి లేదు."

"కూరకు ఉన్నది. నీ నాలుకకే లేదు. రోజూ మసాలా తిన్న నోరు గది. ఒక వారం ముక్క ముట్టకు. నూనెల మునిగింది ముట్టకు. అప్పుడు తిని చెప్పు."

ఆ రోజు నుంచి ముక్క మానేశాను. వారం రోజులు నా బతుకు నరకం. పొద్దంతా చికెన్ ఫ్రై పక్కన నిలబడి, మధ్యాహ్నం తోటకూర తినడం అంటే మాటలు కాదు. మధ్యలో హోలీ వచ్చింది. మా తండాకు అది పెద్ద పండుగ. మేకల్ని, మా మాటలో యాటల్ని, కోశారు. నా ముందు గిన్నె పెడితే వద్దన్నాను. పాటలు ఆగిపోయాయి.

"హనుమాన్ మాల ఏసినవా?" అని అడిగాడు మా చిన్నాయన తుల్సీరాం. "మరి కండువా ఏదిరా?"

"మాల గాదు చిన్నాయినా. పొట్ట మంచిగ లేదు."

"మూడు జొన్న రొట్టెలు తిన్నవ్ గదరా ఇప్పుడే."

నాయనమ్మ మాత్రం మూలన కూర్చుని నాలుగో రొట్టె నా పళ్లెంలో వేసింది.

మర్నాడు, ఎనిమిదో రోజు, మెస్‌లో ఒంటరిగా కూర్చుని అన్నం కలపకుండా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. దీవెన నమిలినట్టే, ఇంకే పనీ చేయకుండా నమిలాను. అన్నం తియ్యగా ఉంది. నేను వండిన పొన్నగంటి నోట్లో వేసుకుంటే మొదట కొంచెం వగరు, తర్వాత వాన పడ్డ మన్ను వాసన, చివర్లో పెసరపప్పు కమ్మదనం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏమీ వేయని అన్నం తియ్యగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, జాషువా చూసి కారం ఎక్కువైందా అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ముందు అదే కూర పెట్టాను. మొదటి ముద్దకే ఆమె తల ఎత్తింది.

"ఇవాళ ఆకు తెలిసింది," అంది.

అంతే అంది. నాకు మాత్రం ఆ సాయంత్రం దాకా నేల కనిపించలేదు. వారం రోజుల గడువు అయిపోయినా ముక్క ముట్టలేదు. ఎందుకని నన్ను నేను అడిగితే జవాబు తేలిగ్గానే దొరికింది. ఇంత నిష్ఠగల శాకాహారి పిల్ల, పండుగ వస్తే యాటలు కోసే ఇంట్లో అడుగు పెడుతుందా? నేనైనా మారితే కదా నోరు తెరిచి అడగగలిగేది. ఆమె ఒప్పుకుంటే పెళ్లి చేసుకోవాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఆ సంగతి తెలియనిది ఆమె ఒక్కదానికే.

మా నాన్నకు ఇదంతా నచ్చలేదు.

"గడ్డి వండి పెడితే గిరాకీ ఉంటదారా?" అనేవాడు. ఆయన తిండి వేరు. జనం పోయాక ఫ్రై చేసిన మూకుట్లో, అడుగున మిగిలిన మసాలా నూనెలో అన్నం వేసి కలిపి, మూకుడు తళతళలాడేలా తుడుచుకుని తింటాడు. షుగర్ ఉందని నాలుగేళ్ల కింద డాక్టర్ చెప్పాడు. మాత్రలు గుర్తుంటే వేసుకుంటాడు.

నెలాఖరున ఒక మధ్యాహ్నం దీవెన తింటోంది. పొయ్యి దగ్గర మా నాన్న బాండీ వంచుతుంటే సలసల కాగే నూనె ఒలికి ఆయన పాదం మీద పడింది. నేను అరిచాను. ఆయన నా వైపు తిరిగి, "ఏందిరా?" అన్నాడు.

పాదం మీద చర్మం పొంగుతోంది. ఆయనకు తెలియడం లేదు.

ఒక్క మెతుకు వదలని దీవెన, సగం అన్నం ప్లేట్లో వదిలేసి లేచిన రోజు అదొక్కటే. చెయ్యి కడుక్కుని వచ్చి నేల మీద కూర్చుంది. మా నాన్న కాలును రెండు చేతులతో పట్టి కుళాయి కింద పెట్టింది. చాలాసేపు నీళ్లు పోనిచ్చింది. తర్వాత చీపురు పుల్ల ఒకటి విరిచింది.

"బాబాయ్ గారూ, కళ్లు మూసుకోండి. పుల్ల తగిలినప్పుడు చెప్పండి."

బొటనవేలి మీద తాకించింది. ఆయన చెప్పలేదు. అరికాలి మీద తాకించింది. చెప్పలేదు. రెండో కాలి మడమ మీద కొంచెం గట్టిగా గుచ్చింది.

"ఇంక మొదలుపెట్టలేదా బిడ్డా?" అన్నాడు మా నాన్న, కళ్లు మూసుకునే.

తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. మా నాన్న కళ్లు తెరిచి, ఆమె చేతిలో పుల్లను, తన పాదాన్ని చూసుకున్నాడు. అర్థమైంది. అంత పెద్ద మనిషి మొహం అలా చిన్నదవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రేపు పొద్దున ఏమీ తినకుండా దవాఖానాకి రండి. రాకపోతే నేనే వస్తాను," అంది ఆమె.

పోయాడు. షుగర్ రెండు వందల ఎనభై ఆరు వచ్చింది. డాక్టర్ మాత్రలు మార్చి రాశాడు. దీవెన మాత్రల వేళలు ఒక అట్ట మీద రాసి మా వంటగది తలుపుకు తగిలించి వెళ్లింది.

మూకుడు తుడవడం ఆ రోజుతో ఆగింది. నేను తండాకు పోయి నాయనమ్మను బండి ఎక్కించుకుని వచ్చాను. పన్నెండేళ్ల తర్వాత ఆమె తన పేరున్న మెస్‌లో అడుగుపెట్టింది. కొడుకు కాలు చూసింది. పొయ్యి ముందు కూర్చుని జొన్న పిండి పిసకడం మొదలుపెట్టింది.

రొట్టె చేతి మీద తడుతుంటే ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. మొదట మా నాన్న కోసం నాలుగు. పక్క టేబుల్ టీచర్ ఒకాయన నాకూ ఒకటి అన్నాడు. వారం తిరిగేసరికి సాయంత్రం రొట్టెల కోసం జనం నిలబడుతున్నారు. శ్రీరామనవమికి భద్రాచలం వచ్చిన యాత్రికులు, మాంసం ముట్టనివాళ్లు, ఎవరో చెప్పారని ఆటోలు కట్టించుకుని ఏరు దాటి వచ్చారు. మా మెస్‌లో యాత్రికులు తినడం అదే మొదలు. మా నాన్న గల్లా దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"గడ్డికి గింత గిరాకీ ఉన్నదారా?" అన్నాడు.

"గడ్డి గాదు బాపూ, పొన్నగంటి," అన్నాను.

ఇక ఒక బుధవారం సంగతి. ఏప్రిల్ మధ్యలో, రెండు గంటలప్పుడు గాలివాన లేచింది. కరెంటు పోయింది. షట్టర్ సగం దించాం. జాషువా వెనక గిన్నెలు సర్దుతున్నాడు. దీవెన బయటికి పోలేక నా ఎదురుగా కూర్చుంది. బల్ల మీద చింతచిగురు పోసి ఇద్దరం పుల్లలు ఏరుతున్నాం. చిగురు వైపు చూడాలని నేను, నా వైపు చూడకూడదని ఆమె చాలా కష్టపడుతున్నాం.

"మీ నాన్నగారిది ఇవాళ నూట నలభై రెండు," అంది.

"మీ దయ మేడం."

"నాదేం లేదు. రొట్టెలు మీ నాయనమ్మవి, మాత్రలు డాక్టర్‌వి. వాన తగ్గేలా లేదే."

"తగ్గకపోతే తగ్గకపాయె."

"ఏంటీ?"

"ఏం లే మేడం. పంటలకు మంచిది అంటున్న."

"మిర్చి కళ్లాల్లో తడిసిపోతుంటే పంటలకి మంచిదా?"

దొరికిపోయాను. ఆమె పెదవి కొరుక్కుని చిగురు ఏరింది. ఉరుము ఉరిమింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"మేడం, ఒకటడుగుత. మాంసం వండే ఇంట్ల మీరు ఉండగలుగుతరా?"

ఆమె చేతులు ఆగాయి.

"అదేం ప్రశ్నండీ?"

"ఊకెనే."

"అలాంటివి ఊరికే ఎవరూ అడగరు." ఆమె ఈసారి సూటిగా నా కళ్లలోకి చూసింది. వాన చప్పుడు కూడా వినిపించలేదు నాకు. "ఆదివారం చెప్తాను. ఆదివారం మా అమ్మానాన్నని తీసుకుని వస్తాను. అప్పుడు చెప్తాను."

వాన తగ్గీ తగ్గకముందే తలమీద చున్నీ వేసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి లీవ్ అని దవాఖానాలో చెప్పారు.

నాలుగు రోజులు. అమ్మానాన్నలతో వస్తానంది, మంచిదే. కానీ చేతులు ఎందుకు ఆగాయి? శాకాహారి పిల్ల, శాకాహారి తల్లిదండ్రులు, ఆదివారం మధ్యాహ్నం మా మెస్‌లో అడుగుపెడితే ఎదురుగా నాటుకోడి పొగ. జవాబు ఏం వస్తుందో ఎవరైనా చెప్పగలరు.

శనివారం మా నాన్న దగ్గరికి పోయాను. "బాపూ, రేపు ఒక్క నాడు నాటుకోడి బంద్ చేద్దాం."

"పన్నెండేండ్లల్ల ఒక్క ఆదివారం తప్పలేదురా."

"తెల్సు."

ఆయన కాసేపు తన పాదం మీద మానుతున్న పుండు వైపు చూశాడు. లేచి, తడి గుడ్డ తీసుకుని, బోర్డు మీద 'ఆదివారం స్పెషల్' తానే తుడిచేశాడు.

"గా పిల్ల నా కాళ్లకాడ కూసున్నది," అన్నాడు. "ఒక్క ఆదివారం పోతే ఏమైతది."

ఆదివారం ఆటో ఆగింది. ముందు దీవెన దిగింది, చిలకాకుపచ్చ చీరలో. వెనక వాళ్ల నాన్న ఆంథోని, వాళ్లమ్మ జోజమ్మ. జోజమ్మ చేతిలో స్టీలు క్యారియర్ ఉంది. ముగ్గురూ వచ్చి, దీవెన రోజూ కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నారు. నేను పొన్నగంటి పప్పు, మునగాకు వేపుడు, చింతచిగురు పచ్చడి, జొన్న రొట్టెలు సిద్ధం చేసుకుని, గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"కోటేష్ గారూ, రెండు ప్లేట్లు నాటుకోడి," అంది దీవెన. "ఒకటి నాన్నకి, ఒకటి నాకు."

నేను సరిగా విన్నానా అని జాషువా వైపు చూశాను. వాడూ నా వైపే చూస్తున్నాడు.

"మేడం, మీరు తినరు గదా."

"ఎవరు చెప్పారు?"

"నెలన్నర నుంచి చూస్తున్న గదా."

"తపస్సుకాలం కదండీ. విభూది బుధవారం బూడిద పెట్టించుకున్న రోజు నుంచి ఈస్టర్ దాకా మాంసం తినం. ఇవాళ ఈస్టర్. బోర్డు మీద నాటుకోడి అని రోజూ చదివి చదివి నోరూరిపోయింది నాకు."

జాషువా ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెట్టాడు.

"మరి చెప్పలే?"

"ఉపవాసం ఉన్నామని చాటుకోకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్తుంది. మీరు కూడా అడగలేదు. ఆకుకూరలు పెడుతుంటే మంచి మనిషి అనుకుని తిన్నాను."

"ఇయ్యాల నాటుకోడి లేదు మేడం," అన్నాను. "బంద్ పెట్టించిన."

"ఎందుకు?"

నేను తుడిచేసిన బోర్డు వైపు చూశాను. జాషువా ఇక ఆగలేకపోయాడు.

"మీకోసమే మేడం. తప్పు నాదే, నేనే మీరు శాకాహారం అని చెప్పిన. వీడు నలభై నాలుగు రోజుల నుంచి ముక్క ముట్టలే. హోలీ నాడు యాట కూర ముందర పెడితే గూడ వద్దన్నడు."

దీవెన నవ్వు ఆగిపోయింది. మెల్లగా లేచి నిలబడింది.

"ఆదివారాలు కూడానా?"

"ఆదివారాలు గూడ," అన్నాను.

"ఆదివారాలు లెక్కలోకి రావు." "మా ఇంట్లో తపస్సుకాలంలో ఆదివారం తింటాం. ప్రతి ఆదివారం ఊరెళ్లి కోడికూర తిని వచ్చాను నేను. నాది నలభై రోజులే. మీది నలభై నాలుగు."

"నాకు గది తెల్వదు."

"నేను దేవుడి కోసం ఉన్నాను. మీరు ఎవరి కోసం ఉన్నారు?"

"మొదలు నా నాలుక కోసం. తర్వాత మీకోసం."

ఆమె నా వైపు చూసింది. మొదటి రోజు ఆ పప్పన్నం వైపు చూసినట్టే చూసింది. అలాంటి చూపు నా మీద పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"బుధవారం అడిగారుగా," అంది కళ్లు తుడుచుకుంటూ. "మాంసం వండే ఇంట్లో ఉండగలను. నూనె తేలే ఇంట్లో ఉండలేను. అమ్మా, నాన్నా, నేను చెప్పిన అబ్బాయి ఇతనే."

ఆంథోని నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత మా నాన్న వైపు తిరిగి అడగవలసిన మొదటి ప్రశ్న అడిగాడు.

"మీకు షుగర్ ఎంతండీ?"

"నూట నలభై రెండు. మీకు?"

ఆంథోని కూతురి వైపు దొంగచూపు చూశాడు. "కొంచెం ఎక్కువేనండి. మీరేం తింటున్నారు?"

ఇద్దరూ ఒక బెంచీ మీదికి చేరారు. జోజమ్మ మాత్రం నాయనమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మా, మాది గుడి, ప్రార్థన. మా ఫాదర్ గారితో మాట్లాడాలి. మీకు అభ్యంతరం ఉంటదేమో."

నాయనమ్మ రొట్టె తిప్పుతూనే అంది. "పిల్ల అన్నం ముందర కండ్లు మూసుకుంటదట గద. మావోడు చెప్పిండు. అన్నానికి దండం పెట్టే పిల్ల ఏ గుడికి పోతే నాకేంది. మా ఇంట్ల యాటలు కోస్తరు, గది చెప్పు ఆమెకు."

"తెలుసు అమ్మమ్మా," అంది దీవెన. "నూనె తక్కువతో ఎలా వండాలో మీరే నేర్పాలి."

జోజమ్మ క్యారియర్ విప్పింది. ఈస్టర్ కోడికూర, గారెలు. గారెల గిన్నె ఇద్దరు నాన్నలకూ అందకుండా దీవెన అటు చివరకు జరిపింది. అందరం కూర్చున్నాం. మా నాన్న రొట్టె తుంపబోయి ఆగాడు. దీవెన కళ్లు మూసుకుంది. ఆంథోని, జోజమ్మ, జాషువా మూసుకున్నారు. మా నాయనమ్మ పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి నా ప్లేట్లో కోడి ముక్క ఉంది. ఆమె వేసింది. దాని పక్కన పొన్నగంటి కూడా వేసింది.

"వచ్చే ఏడు విభూది బుధవారం మళ్లీ టిష్యూ ఇస్తారా?" అని అడిగింది మెల్లగా, నాకే వినపడేలా.

"ఇయ్య మేడం. పక్కన నిలబడి, వేరేటోళ్లు ఇచ్చినా వద్దంట."

"మేడం ఏంటి ఇంకా?"

నలభై నాలుగు రోజులుగా నోటి దాకా వచ్చి ఆగిన మాట అది.

"తిను దీవెనా, సల్లారుతది," అన్నాను.

ఆమె మొదటి ముద్ద కలిపింది.